మూడో తరగతి అమ్మల సంతకాలు

మా బడి వరండా పిట్టగోడకు తూర్పు ఎండ నేరుగా తగులుతుంది. పొద్దున పదింటికల్లా సిమెంటు వేడెక్కిపోతుంది. పోయిన వారం రెండో తరగతి పాప ఒకతి పక్కపిల్ల జడ పట్టుకుని ఎంతకీ వదలకపోతే, దాన్ని బయటికి తీసుకొచ్చి పక్కనే నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక గోడ మీద ఆనించాను. ఆ వేడి మోచేతుల దాకా పాకింది. ఈ మధ్యే కొత్త రంగు వేశారు గానీ కింద గరుకు అలాగే ఉంది. రైల్వే యార్డు వైపు నుంచి ఇంజను కూత వినబడింది, వంటగదిలోంచి పోపు వాసన వచ్చింది. నా పక్కన ఇంకొకరు కూడా నిలబడి ఉన్నట్టు అనిపించి తల తిప్పి చూశాను. ఎవరూ లేరు. వసంతా టీచర్ రిటైరై పదేళ్లు, పోయి రెండేళ్లు అయింది.

ఆవిడను మీలో ఎవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునేంత ప్రత్యేకత ఏమీ కనిపించేది కాదు. పొట్టి మనిషి, వాషర్‌మెన్‌పేట్‌లో కొన్న నూలు చీర, గాజులకు గుత్తిగా వేలాడే పిన్నీసులు. బొత్తాం ఊడిన చొక్కా, పిన్ను ఊడిన రిబ్బను ఎదురుపడితే చాలు, మాట ఆపకుండానే గాజు నుంచి ఒక పిన్నీసు తీసి గుచ్చేసేవారు. వాళ్ల కుటుంబం ఎన్నడో నెల్లూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడింది. ఎప్పుడొచ్చారని ఒకసారి అడిగితే, "అది మా తాతకే తెలీదుమా" అన్నారు. నేను విజయనగరం మనిషిని. ఈడ, ఆడ, యాడ అంటూ మధ్య మధ్య అరవం కలిపి ఆవిడ మాట్లాడుతుంటే మొదట్లో నాకు లోలోపల నవ్వు వచ్చేది. తెలుగంటే మా వైపుదేనని నా నమ్మకం. తీరా పాఠం చెప్పడానికి నిలబడితే పిల్లలు ఆవిడ మాట ఇట్టే అందుకునేవారు, నా మాటకు మాత్రం నోరు తెరుచుకుని చూసేవారు. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు.

మా ఆయనకు మద్రాసు శివారు మనలిలో ఉద్యోగం రావడంతో మేం ఈ ఊరు వచ్చాం. ఏడాదిన్నర ఇంట్లో కూర్చుని గోడలు చూశాక వ్యాసర్పాడిలోని ఈ బడిలో తెలుగు మీడియం మూడో తరగతికి తాత్కాలికంగా నన్ను తీసుకున్నారు. ఇరవై ఆరు మంది పిల్లలు. తండ్రుల్లో ఎక్కువ మంది గూడ్సు షెడ్డులో బస్తాలు మోసేవాళ్లు, తల్లులు ఇళ్లలో పని చేసేవాళ్లు, పూలు కట్టేవాళ్లు. పక్క గదిలో నాలుగో తరగతి వసంతా టీచర్‌ది. మా రెండు గదులకూ ఒకే వరండా.

మొదటి తల్లుల సమావేశంలో హాజరు కోసం ఇంకు ప్యాడు పెట్టారు. తల్లులు ఒక్కొక్కరే వచ్చి వేలిముద్ర వేసి, ఆ వేలిని చీర కుచ్చెళ్లకు తుడుచుకుని కూర్చున్నారు. నాకు మనసొప్పలేదు. వచ్చే సమావేశానికి వీళ్లంతా సంతకం పెట్టాలని అప్పటికప్పుడు అనుకున్నాను. రెండు శనివారాలు వాళ్లను కూర్చోబెట్టి ఎవరి పేరు వాళ్లకు బోర్డు మీద రాసి దిద్దించాను. అలవాటు తప్పకుండా ఉండటానికి ఒక నియమం కూడా పెట్టాను. పిల్లల డైరీలో రోజూ కింద గీత మీద అమ్మ సంతకం ఉండాలి. అమ్మకు తెలియకపోతే పిల్లే చెయ్యి పట్టుకుని రాయించాలి. పొద్దున మొదటి గంటలో నేను డైరీలన్నీ చూసి, బాగున్న సంతకానికి పక్కన నక్షత్రం వేస్తాను.

ఇది నేను చేసిన మంచిపనే. ఇప్పటికీ కాదనను. రవణమ్మ అని ఒకావిడ ఉండేది, గట్టి గొంతు మనిషి. బ్యాంకులో వేలిముద్ర అక్కర్లేదని చెప్పి తన పేరు తానే రాసిన రోజున, బడి గేటు దగ్గర నన్ను ఆపి ఆ స్లిప్పు చూపించింది. హెడ్మాస్టర్‌గారు అసెంబ్లీలో నన్ను మెచ్చుకున్నారు. నేను నేల మీద నడవడం మానేశాను. వసంతా టీచర్ మాత్రం, "బాగుందిమా, మంచి పని" అని ఊరుకున్నారు. ఇంకాస్త ఎక్కువగా పొగుడుతారని ఎదురుచూసి, లోపల కొంచెం మూతి ముడుచుకున్నాను.

ఆ తరగతిలో కోమల అనే పిల్ల ఉండేది. ఎనిమిదేళ్లు. పలుచని మనిషి, నోట్లో నాలుక లేనట్టు ఉండేది. వాళ్లమ్మ పసిబిడ్డను తీసుకుని గూడూరు వైపు పుట్టింటికి వెళ్లి మూడు నెలలైనా తిరిగి రాలేదు. ఇంట్లో నాన్న, పూలు కట్టే అవ్వ. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ డైరీలో ఆ గీత ఖాళీగా ఉన్న ప్రతిరోజూ, "అమ్మ వచ్చాక పెట్టించు" అనేదాన్ని. ఒకసారి అవ్వ వేలిముద్ర వేసి పంపితే, వేలిముద్ర పనికిరాదని తిప్పి పంపాను. నియమం నియమమే కదా అనుకున్నాను.

దీపావళి సెలవుల తర్వాత ఆ పిల్ల చింపడం మొదలుపెట్టింది. ముందు పక్కపిల్ల డైరీలో ఒక పేజీ. మర్నాడు ఇంకొకరిది. ఎవరైనా అడ్డం పడితే గోళ్లతో రక్కేది. పట్టుకుంటే ఒళ్లంతా బిగదీసుకుని పళ్లు నూరేది. ఎందుకు చేశావంటే నేలచూపులు చూసేది. నాకు అసలే ముక్కు మీద కోపం. "బయట నిలబడు" అని తలుపు చూపించేదాన్ని.

ఆ పిల్ల బయటికి వెళ్లిన రెండు నిమిషాల్లో పక్క గదిలోంచి వసంతా టీచర్ కూడా బయటికి వచ్చేవారు. వచ్చి కోమల పక్కన నిలబడి, పిట్టగోడ మీద చేతులు వేసి వీధిలోకి చూసేవారు. బుజ్జగించడం లేదు, నీతి చెప్పడం లేదు, అసలు మాట్లాడటమే తక్కువ. అటు వాళ్ల పిల్లలు గొడవ చేయకుండా లెక్కలు చేసుకుంటూ ఉండేవారు. పది నిమిషాలయ్యాక, "సరి, ఎండగా ఉంది, లోపలికి పోదామా?" అని అడిగేవారు. కోమల తల ఊపితే నా గుమ్మం దాకా తెచ్చి వదిలేవారు. ఊపకపోతే ఇంకో పది నిమిషాలు నిలబడేవారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను శిక్ష వేస్తే ఈవిడ దాన్ని విహారం చేస్తోందనిపించింది. నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర వీలైనంత మర్యాదగా అడిగాను, పిల్లలు మనల్ని చులకన చేయరా టీచర్ అని. ఆవిడ పెరుగన్నం కలుపుకుంటూ, కోపం తెచ్చుకోకుండా చెప్పారు.

"నేనూ ఒకప్పుడు బయటికి పంపేదాన్నేమా. ఒక పొద్దు ఒక పిల్లని పంపి పాఠంలో పడిపోతిని. తిరిగి చూస్తే వరండాలో లేదు. సాయంత్రం దాకా ఊరంతా వెతికినాము. యార్డులో రెండు వ్యాగన్ల నడుమ కూర్చోనుండింది. ఏమీ కాలా, దేవుడి దయ. ఎందుకు పోతివి అంటే, నువ్వే కదా టీచర్ పొమ్మంటివి అనె."

ఆవిడ ఒక ముద్ద తిని, మంచినీళ్లు తాగి, మళ్లీ అన్నారు. "ఆ పొద్దునుంచీ అంతే. ఏ బిడ్డ బయటికి పోతే నేనూ పోతా. నీ బిడ్డయినా సరే, నా బిడ్డయినా సరే." అయినా నాకు ఆవిడ మాట పూర్తిగా మింగుడు పడలేదని ఒప్పుకోవాలి. పెద్దావిడ, పాతకాలపు భయం అనుకున్నాను.

ఆ తర్వాతి సోమవారం పొద్దున బెల్లుకు ముందే తల్లులు బడి మీదికి వచ్చారు. ఏడెనిమిది మంది, అందరికన్నా ముందు రవణమ్మ. చేతిలో కూతురి డైరీ, అందులో సగం చిరిగిన పేజీ. "ముప్పై ఏండ్లకు నా పేరు నేను రాసుకుంటిని టీచర్. దాన్ని చించి పారేస్తే ఊరుకోవాల్నా?" అంది. ఆమె గొంతులో కోపం కన్నా వేరే ఏదో ఉంది. మిగతావాళ్లు కోమల తమ పిల్లల చేతులు రక్కిన గుర్తులు చూపించారు. హెడ్మాస్టర్‌గారు మెత్తని మనిషే గానీ, ఏడెనిమిది మంది తల్లులు ఒక్కసారి గదిలో నిలబడితే మెత్తదనం ఎవరి మీద చూపించాలో తెలియని మనిషి. శుక్రవారం ఆ పిల్ల అవ్వను పిలిపిద్దాం, టీసీ ఇచ్చి పంపేద్దాం, ఫిర్యాదు మీరు రాసివ్వండి అన్నారు నాతో.

టీసీ అంటే ఏమిటో నాకు తెలుసు. ఏడాది మధ్యలో ఇలాంటి మచ్చతో ఆ పిల్లను ఇంకో బడి చేర్చుకోదు. అవ్వ పక్కన కూర్చుని పూలు కడుతుంది. అంతటితో చదువు అయిపోతుంది. ఇదంతా తెలిసే నేను కాగితం, పెన్ను తీసుకున్నాను. నన్ను నేను గొప్పగా చూపించుకోదలిస్తే ఈ వాక్యం దాచుకునేదాన్ని. రెండు లైన్లు రాశాను కూడా.

వసంతా టీచర్ స్టాఫ్ రూములోకి వచ్చి ఆ కాగితం చూశారు. రాయవద్దని అనలేదు. శుక్రవారానికి కదా, ఇంకా టైముంది అన్నారు. తన బ్యాగులోంచి ఒక చిన్న నోటుబుక్కు తీసి నా ముందు పెట్టారు.

"ఎందుకు చేస్తా ఉందని ఆ బిడ్డను అడగొద్దుమా. దానికే తెలీదు. నువ్వు పీకితే ఏదో ఒకటి చెప్తుంది, నువ్వు దాన్ని పట్టుకుంటావు. ఎప్పుడు చేస్తా ఉందో చూడు. టైము రాసిపెట్టు. దానికి ముందర నువ్వేం చేస్తా ఉంటివో అది కూడా రాయి."

"నేనా?" అన్నాను.

"ఆ గదిలో నువ్వూ ఉండావు గదా" అని, బెల్లు మోగడంతో వెళ్లిపోయారు.

మూడు రోజులు రాశాను. మొదటిరోజు అయిష్టంగానే, నేను చేసేవన్నీ సవ్యమైనవేనని చూపించడానికన్నట్టు రాశాను. సోమవారం తొమ్మిదీ నలభై, డైరీలు చూడటం అయింది, చింపింది. మంగళవారం తొమ్మిదీ ముప్పై అయిదు, డైరీలు, రక్కింది. మంగళవారం మధ్యాహ్నమంతా ప్రశాంతం. ఆటల పీరియడులో రవణమ్మ కూతురితోనే చెయ్యి పట్టుకుని తిరిగింది. బుధవారం నాకు దగ్గు వచ్చి డైరీలు చూడలేదు. ఆ రోజు కోమల ఏమీ చేయలేదు. గుణింతాలన్నీ తప్పు లేకుండా రాసింది.

బుధవారం సాయంత్రం పిల్లలు వెళ్లాక ఖాళీ తరగతిలో ఒక్కదాన్నే కూర్చుని ఆ నోటుబుక్కు చూశాను. తర్వాత, ఆ రోజు చూడకుండానే బీరువాలో పెట్టేసిన డైరీల్లోంచి కోమలది తీశాను. పేజీ పేజీకీ కింద ఖాళీ గీత. దీపావళికి ముందరి వారం దగ్గరకు వచ్చేసరికి ఒక గీత మీద 'ఈశ్వరి' అని ఉంది. వాళ్లమ్మ పేరు. పేరుకు అడ్డంగా ఎర్ర ఇంకుతో గీత, పక్కన 'దొంగ సంతకం' అని నా చేతిరాత.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు డైరీని పైకెత్తి తరగతికంతా చూపించాను. ఊళ్లో లేని అమ్మ సంతకం ఎలా పెట్టిందో చెప్పమ్మా అని అడిగాను. పిల్లలు నవ్వారు. పిల్లలు నవ్వితే నాకు మరీ ఊపు వచ్చేది, ఇంకేదో కూడా అన్నాను, అది ఇప్పటికీ గుర్తు రావడం లేదు. మధ్యాహ్నానికల్లా మర్చిపోయాను. నేను మర్చిపోయిన దాన్ని ఆ పిల్ల రోజూ తొమ్మిదిన్నరకు, ఇరవై అయిదు డైరీల మీద నేను నక్షత్రాలు వేస్తుంటే మళ్లీ మళ్లీ చూస్తూ కూర్చుంది. చింపినవన్నీ సంతకాలున్న పేజీలే. అదైనా నాకు తట్టలేదు. ఆ బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను.

గురువారం పొద్దున బెల్లుకు ముందే వసంతా టీచర్ దగ్గరికి వెళ్లి డైరీ చూపించాను. మీకు ముందే తెలుసా అని అడిగాను. "డైరీలప్పుడే అని తెలుసుమా, గోడకు ఈవల నాకు వినపడతా ఉంటుంది గదా. నువ్వేం చేసినావో మాత్రం తెలీదు" అన్నారు. ముందే చెప్పి ఉండవచ్చు కదా అంటే, చెప్పి ఉంటే నువ్వు నామీద కోపం పెట్టుకునేదానివి, ఆ బిడ్డను చూసుండవు అన్నారు. అది నిజం. ఇప్పుడేం చేయమంటారు, హెడ్మాస్టర్‌గారితో విడిగా చెప్పి టీసీ ఆపించనా అని అడిగాను. అలా చేస్తే పని జరిగిపోతుందని, నా పరువూ దక్కుతుందని రాత్రంతా లెక్క వేసుకుని వచ్చాను.

ఆవిడ డైరీ మూసి నా చేతికిచ్చి అన్నారు. "ఎంతమంది ముందర ఆ బిడ్డను దొంగంటివో, అంతమంది ముందర కాదని చెప్పాల. లేకుంటే టీసీ ఆగినా ఆ పేరు ఆగదుమా."

తల్లులంతా వస్తారు, నేనింకా పర్మనెంటు కూడా కాలేదు, మీరు నా పక్కన ఉంటారా అని అడిగాను. పిల్లల పక్కన నిలబడే మనిషి నా పక్కన నిలబడరా అనే ధీమా. ఆవిడ తల అడ్డంగా ఊపారు. నేనొస్తే నేను చెప్పించినట్టు అవుతుంది, నువ్వే పో, మీ పిల్లల్ని నేను చూసుకుంటా అన్నారు. ఆ క్షణంలో ఆవిడ మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

శుక్రవారం పొద్దున తల్లులు వచ్చారు. కోమల అవ్వ అందరికన్నా వెనక, చేతిలో పూలబుట్ట కిందపెట్టకుండా నిలబడింది. హెడ్మాస్టర్‌గారు టీసీ ఫారం టేబుల్ మీద పెట్టుకుని నా ఫిర్యాదు అడిగారు. ఫిర్యాదు లేదండి, తప్పు నాది అన్నాను. ముందు తల్లులకు, తర్వాత అక్కడినుంచి వాళ్లనందరినీ తరగతికి తీసుకెళ్లి పిల్లలకు, జరిగింది జరిగినట్టు చెప్పాను. అమ్మ లేని పిల్లను రోజూ అమ్మ సంతకం తెమ్మన్నాను, దానికి దోవలేక తానే రాసుకొస్తే దొంగని పేరు పెట్టాను, కోమల దొంగ కాదు అని చెప్పాను. తర్వాత కోమల బెంచీ దగ్గరకు వెళ్లి, నన్ను క్షమించమ్మా అన్నాను.

ఆ పిల్ల లేచి నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్న మాట చెప్పినట్టు, నా ముఖంలోకి చూసి చెప్పింది.

"నేను అమ్మ పెట్టినట్టు పెట్టలా టీచర్. అమ్మ వచ్చినాక నేర్పియ్యాల గదా. అందుకే ముందుగా నేను నేర్చుకుంటిని. నేర్చుకుంటినని మీకు చూపించినా."

రవణమ్మ ముందు కదిలింది. కొట్టినంత పని చేస్తుందేమోనని నేను భయపడ్డాను గానీ, ఆమె కోమల తల మీద చెయ్యి వేసి, "ముందే చెప్పుంటే నేనొచ్చి పెట్టుందును గదే సంతకం" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మాకు నేర్పిచ్చేటప్పుడు ఇంత ఓపిగ్గా ఉంటివి, ఈ బిడ్డ దగ్గర ఏమైపోతివి టీచర్?" అంది. నాకు తగిన మాటే అనిపించింది. హెడ్మాస్టర్‌గారు టీసీ ఫారాన్ని సొరుగులో పెట్టేశారు. నా ఉద్యోగం పోలేదు గానీ, పర్మనెంటు కాగితం ఒక ఏడాది ఆలస్యమైంది. ఎందుకని నేను అడగలేదు.

ఆ రోజునుంచి డైరీలో 'అమ్మ సంతకం' తీసేసి 'ఇంట్లోవాళ్ల సంతకం' అని రాయించాను. నక్షత్రాలు మానేశాను. కోమల అవ్వకు నేర్పడం మొదలుపెట్టింది. రెండు వారాల తర్వాత డైరీలో 'మునెమ్మ' అని, ఒక్కో అక్షరం ఒక్కో సైజులో, గీత దాటి కిందికి జారుతూ వచ్చింది. పరుగున తీసుకెళ్లి వసంతా టీచర్‌కు చూపించాను. ఆవిడ చూసి సంతోషపడ్డారు గానీ, "నాకెందుకుమా చూపిస్తావు? గేటు దగ్గర ఆ ముసలమ్మ ఉంటుంది పో, బాగుందని ఆమెకు చెప్పు" అని పంపించేశారు. అంతా ఒక్కరోజులో చక్కబడిపోయిందని చెప్పను. ఆ ఏడాది కోమల ఇంకో రెండుసార్లు చింపింది. రెండుసార్లూ బయటికి తీసుకెళ్లింది నేనే, పక్కన నిలబడ్డదీ నేనే. వాళ్లమ్మ ఆ ఏడాది రాలేదు.

వసంతా టీచర్ రిటైరైనప్పుడు వీడ్కోలు సభలో నన్ను మాట్లాడమన్నారు. ఈ కథ చెప్తానని ముందురోజు ఆవిడకు చెప్పాను. ఈ రెండేళ్ల నా కృతజ్ఞత అంతా అందులో ఉంది, అది చెప్పకుండా ఆవిడ గురించి ఏం మాట్లాడను? ఆవిడ ససేమిరా వద్దన్నారు. "కోమల ఐదులో ఉంది గదా, ముందు వరసలోనే కూర్చోనుంటుంది. ఇది నా కథా కాదు, నీ కథా కాదు, ఆ బిడ్డది. అది పెద్దదై ఒప్పుకుంటే అప్పుడు చెప్పుకో" అన్నారు. సభలో నేను ఆవిడ పిన్నీసుల గురించి, పెరుగన్నం గురించి మాట్లాడి అందరినీ నవ్వించి దిగిపోయాను. దిగేటప్పుడు ఆవిడ నా చెయ్యి నొక్కారు. నాకు బీఈడీలో చాలామంది చాలా చెప్పారు. తరగతిలో ఒక పిల్ల మొండికేసినప్పుడు, అరిచేముందు ఒక్క నిమిషం ఆగి, ఈ పొద్దు నేనేం చేశానని వెనక్కి వెతుక్కునే భయం మాత్రం ఆవిడ ఒక్కరే ఇచ్చారు. అది లేకపోతే నేను ఎంతమందికి ఎర్ర ఇంకు పూసి ఉండేదాన్నో.

కోమల ఇప్పుడు నర్సింగు చదువుతోంది. పోయిన వారం ఆ వెచ్చని గోడ దగ్గరనుంచి వచ్చాక ఫోన్ చేశాను. మొదట అరవంలో పలకరించి, నా గొంతు గుర్తుపట్టి తెలుగులోకి వచ్చింది. వసంతా టీచర్ గురించి రాయాలనుకుంటున్నానని, నీ సంగతి లేకుండా అది కుదరదని, నువ్వు వద్దంటే మానేస్తానని చెప్పాను. రాసుకోండి టీచర్, పేరు మాత్రం మార్చండి అంది. మార్చాను. కోమల దాని పేరు కాదు, ఈశ్వరి వాళ్లమ్మ పేరూ కాదు. ఇంకొక్కటి రాయండి అంది ఫోన్ పెట్టేముందు. "ఆ పొద్దు మీరు నన్ను దొంగ కాదంటిరి. సంతకం బాగుందా లేదా అని మాత్రం చెప్పలా."

నిజమే, చెప్పలేదు. ఆ డైరీ పేజీ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. గీత మీద నిటారుగా, వంకర లేకుండా, ఒత్తు దగ్గర కూడా తడబడకుండా రాసింది. ఆ ఏడాది నా తరగతిలోకి వచ్చిన సంతకాలన్నిటిలో అంత బాగున్నది ఇంకొకటి లేదు.